యుద్ధ నౌకలు, వాహనాల పరిరక్షణలో మాజీ సైనికుల పాత్ర
విశాఖ ‘కుర్సురా’ అనుభవం – లోతట్టు జిల్లాలకు మార్గదర్శకం

ప్రత్యేక వ్యాసం

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో కాంక్రీటు పునాదులపై నిలిచి ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామిని 2002 ఆగస్టులో ప్రజల సందర్శనకు తెరిచారు. దక్షిణాసియాలో మ్యూజియంగా రూపొందిన తొలి జలాంతర్గామిగా దీనికి గుర్తింపు ఉన్నది. తీరప్రాంత వాసులతో పాటు శ్రీ సత్యసాయి జిల్లా తనకల్లు వంటి, సముద్రానికి వందలాది కిలోమీటర్ల దూరంలో ఉన్న మండలాల ప్రజలకు సైతం ఒక జలాంతర్గామి లోపలికి అడుగుపెట్టి చూసే అవకాశం దీనివల్ల కలిగింది. నౌకను తీరానికి చేర్చిన ఇంజనీర్ల కృషి, ప్రభుత్వం వెచ్చించిన నిధులు తరచుగా ప్రస్తావనకు వస్తూనే ఉంటాయి. ఆ నౌకను సందర్శకునికి అర్థమయ్యేలా చేసిన విశ్రాంత నావికుల సేవ గురించి మాత్రం అంతగా చెప్పుకోలేదు. ఆ తరం వయోభారంతో క్రమంగా తగ్గిపోతున్నందున, వారి సేవను స్మరించుకోవడంతో పాటు వారి వద్ద ఉన్న పరిజ్ఞానాన్ని నమోదు చేయవలసిన అవసరం ఇప్పుడు ఏర్పడింది.

కుర్సురా సేవా చరిత్ర

భారత నౌకాదళానికి జలాంతర్గామి విభాగం 1967 డిసెంబరు 8న ఏర్పడింది. నాటి సోవియట్ యూనియన్‌లో నిర్మితమైన ఐ.ఎన్.ఎస్. కల్వరి ఆ రోజున నౌకాదళంలో చేరింది. అదే తరగతికి చెందిన ఖందేరి, కరంజ్ తరువాత నాలుగవదిగా కుర్సురా 1969 డిసెంబరు 18న రీగా నగరంలో సేవలో ప్రవేశించింది. కమాండర్ అరుణ్ ఆడిట్టో దీనికి తొలి కమాండింగ్ అధికారి.

సుమారు 91 మీటర్ల పొడవు గల ఈ నౌక నీటిపై తేలుతున్నప్పుడు 1,950 టన్నుల, మునిగినప్పుడు 2,475 టన్నుల స్థానభ్రంశం కలిగి ఉండేది. ముందు భాగంలో ఆరు, వెనుక భాగంలో నాలుగు చొప్పున మొత్తం పది టార్పెడో గొట్టాలు, 22 టార్పెడోలు దీని ఆయుధ సంపత్తి. అధికారులు, నావికులు కలిసి సుమారు 75 మంది ఇందులో పనిచేసేవారు.

1971 భారత్–పాకిస్తాన్ యుద్ధానికి ముందు ఉద్రిక్తత నెలకొన్న నవంబరు మాసంలో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ నిర్వహించింది. మొత్తం 31 సంవత్సరాల సేవలో 73,500 నాటికల్ మైళ్ళ దూరం ప్రయాణించి, 2001 ఫిబ్రవరి 27న విధుల నుండి విరమించింది.

తీరానికి చేరిన తీరు

సాధారణంగా సేవాకాలం ముగిసిన యుద్ధనౌకను విడగొట్టి ఉక్కును విక్రయిస్తారు. కుర్సురాకు ఆ గతి పట్టకుండా మ్యూజియంగా నిలపాలన్న ప్రతిపాదనను అప్పటి నౌకాదళ ఉన్నతాధికారి వైస్ అడ్మిరల్ వినోద్ పస్రీచా ముందుకు తెచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించింది. నౌకాదళం నౌకను అప్పగించగా, విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ నిర్వహణ బాధ్యత స్వీకరించింది. ఈ సంస్థయే 2018లో విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థగా మారింది.

దాదాపు రెండు వేల టన్నుల నౌకను సముద్రం నుండి ఇసుక తీరంపైకి చేర్చడం కష్టసాధ్యమైన పని. అలలు, ఇసుక కదలిక, ఆటుపోట్లు అన్నింటినీ లెక్కలోకి తీసుకుని నౌకను లాగి తెచ్చి పునాదులపై నిలిపారు. ఇందుకు సుమారు 5.5 కోట్ల రూపాయలు వ్యయమైంది. విరమణ నుండి ప్రారంభోత్సవం వరకు దాదాపు 18 నెలలు పట్టింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు మ్యూజియంను ప్రారంభించారు. ఆగస్టు 24 నుండి సామాన్య ప్రజలను అనుమతించారు.

విశ్రాంత నావికులే మార్గదర్శకులు

కుర్సురా మ్యూజియం ప్రత్యేకత అందులోని సిబ్బంది ఎంపికలో ఉన్నది. నౌకాదళం నుండి పదవీ విరమణ చేసిన ఆరుగురు గైడ్లుగా, మరొకరు క్యూరేటర్‌గా ఇక్కడ పనిచేశారు. జలాంతర్గామిని చూపించే పనిని నౌకాదళ జీవితం తెలిసినవారికే అప్పగించడం వెనుక గట్టి కారణం ఉన్నది.

జలాంతర్గామి లోపలికి వెళ్ళిన సామాన్య సందర్శకునికి మొదట కనిపించేవి గొట్టాలు, చక్రాలవంటి కవాటాలు, మీటర్లు, తీగలు మాత్రమే. ఏ కవాటం దేనికో, ఏది ముందు తిప్పి ఏది తరువాత తిప్పాలో గోడపై అంటించిన పలకలు కొంతవరకే చెప్పగలవు. నౌక నీటిపై ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు నడుస్తూ బ్యాటరీలను నింపుతాయి. మునిగిన తరువాత గాలి అందదు కనుక ఇంజన్లు ఆపి, బ్యాటరీలలో నిలువ చేసిన విద్యుత్తుతో మోటార్లు నడుపుతారు. నౌక వెలుపలి భాగంలోని తొట్లలోకి సముద్రపు నీటిని వదిలితే నౌక మునుగుతుంది. ఒత్తిడితో కూడిన గాలిని పంపి ఆ నీటిని వెళ్ళగొడితే పైకి తేలుతుంది. ఈ సూత్రాలు పాఠ్యపుస్తకంలో దొరుకుతాయి. బ్యాటరీలు నింపుతున్నప్పుడు వెలువడే హైడ్రోజన్ వాయువు ఎంత ప్రమాదకరమో, దానిని ఎంత జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలో, శత్రువు చెవిన పడకుండా ఉండేందుకు చేతిలోని పనిముట్టు జారిపడకుండా ఎలా పట్టుకోవాలో ఆ పని చేసినవారు మాత్రమే అనుభవపూర్వకంగా చెప్పగలరు.

నివాస పరిస్థితుల విషయమూ అంతే. ఈ తరహా నౌకలలో మంచినీరు కొలిచి వాడుకోవలసి ఉండేది. స్నానం దాదాపు లేనట్లే. ఒకరు విధులకు వెళ్ళగా ఖాళీ అయిన పడకపై మరొకరు విశ్రమించడం పరిపాటి. రోజుల తరబడి సూర్యకాంతి కనిపించదు. టార్పెడోల పక్కనే నిద్ర, ఇంజన్ వేడిమి పక్కనే వంట. ఇరుకైన గుండ్రని ద్వారం గుండా వంగి దూరుతున్న విద్యార్థికి ‘ఇక్కడ 75 మంది ఎలా ఉండేవారు?’ అన్న సందేహం కలగడం సహజం. ఆ ప్రశ్నకు జీవితానుభవం నుండి సమాధానం దొరకడమే ఈ మ్యూజియం ఇచ్చే అసలైన విద్య.

నౌకాదళం సైతం ఈ నౌకను పూర్తిగా పాత సామగ్రిగా పరిగణించలేదు. ప్రత్యేక సందర్భాలలో సేవలో ఉన్న నౌకలను జెండాలతో అలంకరించే గౌరవ సంప్రదాయాన్ని విరమణ పొందిన కుర్సురాకు కూడా వర్తింపజేసింది.

నిర్వహణలో నైపుణ్యం

సముద్రంలో ఉన్న నౌక కంటే తీరాన నిలిపిన నౌకకు తుప్పు ముప్పు తక్కువని పలువురు భావిస్తారు. వాస్తవం అందుకు భిన్నం. సేవలో ఉన్న నౌకను నిర్ణీత కాలానికి ఒకసారి డ్రైడాక్‌కు చేర్చి, గీకి, రంగులు వేసి, అరిగిన భాగాలు మారుస్తారు. తీరాన ఉన్న నౌకపై ఉప్పుగాలి, తేమ, ప్రాణవాయువు మూడూ కలిసి నిరంతరం పనిచేస్తాయి. లోపల వేలాది సందర్శకుల శ్వాస వల్ల చేరే తేమ, చేతుల రాపిడి పరికరాలను దెబ్బతీస్తాయి. తుపానుల ముప్పు వీటికి అదనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్దనే తీరాన్ని దాటింది.

ఇటువంటి నిర్వహణలో యంత్రాల లోగుట్టు తెలిసిన చేయి ఎంతో అవసరం. ఏ రేకు నౌక బలానికి కీలకమో, ఏది పైతొడుగు మాత్రమేనో, ఏ గొట్టంలో నీరు నిలిచే అవకాశం ఉన్నదో, ఏ పరికరాన్ని కదిలిస్తే దాని మూలరూపం చెడుతుందో అనుభవజ్ఞులే గుర్తిస్తారు. విదేశంలో తయారై, ఉత్పత్తి నిలిచిపోయి, విడిభాగాలు బజారులో లభించని యంత్రం విషయంలో ఈ పరిజ్ఞానం వెల కట్టలేనిది.

టీయూ-142: అదే బాటలో మరో అడుగు

కుర్సురా అనుభవం విశాఖలో మరో ప్రయత్నానికి దారి చూపింది. నౌకాదళం దీర్ఘదూర గస్తీ కోసం 1988 నుండి వినియోగించిన టీయూ-142 విమానాలు 2017 మార్చి 29న తమిళనాడులోని అరక్కోణంలో గల ఐ.ఎన్.ఎస్. రాజాలి కేంద్రంలో విరమణ పొందాయి. 29 సంవత్సరాల కాలంలో 30 వేల గంటల మేర ప్రమాదరహితంగా ప్రయాణించిన ఘనత వీటిది. 1988 నవంబరులో మాల్దీవులలో తిరుగుబాటును అణచేందుకు చేపట్టిన ‘ఆపరేషన్ కాక్టస్’లోనూ ఇవి పాలుపంచుకున్నాయి.

వీటిలో ఒక విమానం 2017 ఏప్రిల్‌లో విశాఖలోని ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరానికి తన చివరి ప్రయాణం చేసింది. అక్కడ దానిని భాగాలుగా విడదీసి, రహదారి మార్గాన బీచ్ రోడ్‌కు తరలించి, కుర్సురాకు ఎదురుగా తిరిగి కూర్చారు. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియంను ప్రారంభించారు. మరునాడే, జలాంతర్గామి విభాగం స్వర్ణోత్సవ సందర్భంగా ఆ విభాగానికి విశాఖలో రాష్ట్రపతి పతాకాన్ని ప్రదానం చేశారు.

నాలుగు ఇంజన్లు, ఒకే ఇరుసుపై పరస్పరం వ్యతిరేక దిశలలో తిరిగే జంట పంకాలు కల ఈ విమానం గంటల తరబడి సముద్రంపై సంచరించి జలాంతర్గాముల జాడ పట్టేది. జాడ పట్టే విమానం ఒకవైపు, జాడ దాచుకునే జలాంతర్గామి మరొకవైపు ఒకే రహదారికి ఇరుపక్కల నిలిచి ఉండటం విద్యార్థులకు చక్కని పాఠం. అయితే ఆ పాఠం చెప్పేందుకు రెండు పక్షాల పనీ తెలిసిన అనుభవజ్ఞులు కావాలి.

నిలుపుకోలేకపోయినవి

కుర్సురా విజయం విలువ తెలియాలంటే, నిలుపుకోలేకపోయిన నౌకలను కూడా గుర్తుచేసుకోవలసి ఉన్నది. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో కీలక పాత్ర వహించిన విమానవాహక నౌక ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ 1997 జనవరి 31న విరమణ పొందింది. ముంబయిలో కొంతకాలం మ్యూజియంగా నడిచినప్పటికీ, నౌక దృఢత్వంపై ఆందోళనల కారణంగా 2012లో సందర్శన నిలిపివేశారు. 2014లో విక్రయించి విడగొట్టారు.

2017 మార్చి 6న విరమణ పొందిన మరో విమానవాహక నౌక ఐ.ఎన్.ఎస్. విరాట్‌ను విశాఖకు తెచ్చేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆసక్తి కనబరచింది. ఆ ప్రతిపాదన కార్యరూపం దాల్చలేదు. 2020 సెప్టెంబరులో ఆ నౌక గుజరాత్‌లోని అలంగ్ నౌకా విచ్ఛేదన కేంద్రానికి చేరింది. కుర్సురా కోవకే చెందిన ఐ.ఎన్.ఎస్. వాగ్లీ 2010 డిసెంబరులో విరమణ పొందగా, తమిళనాడులోని మామల్లపురం వద్ద దానిని మ్యూజియంగా నిలపాలన్న పథకం కూడా నెరవేరలేదు.

నౌక పరిమాణం పెరిగిన కొద్దీ వ్యయం పెరుగుతుంది. నిర్ణయం ఆలస్యమైన కొద్దీ ఉక్కు క్షీణిస్తుంది. బాధ్యత ఎవరిదన్నది స్పష్టం కాకపోతే సదుద్దేశం కాగితాలకే పరిమితమవుతుంది. కుర్సురా విషయంలో ప్రతిపాదించిన నౌకాదళం, నిర్వహణ స్వీకరించిన పట్టణాభివృద్ధి సంస్థ, వివరించే విశ్రాంత నావికులు – ఈ ముగ్గురి బాధ్యతలూ స్పష్టంగా ఉండటమే విజయానికి కారణమని చెప్పవచ్చు.

ఇతర దేశాలలో సైతం మాజీ సైనికుల చొరవ ఇటువంటి ఫలితాలనే ఇచ్చింది. లండన్ నగరంలో థేమ్స్ నదిపై మ్యూజియంగా ఉన్న హెచ్.ఎం.ఎస్. బెల్‌ఫాస్ట్ యుద్ధనౌకను కాపాడేందుకు ఏర్పడిన ట్రస్టుకు, ఒకప్పుడు ఆ నౌకకే కెప్టెన్‌గా పనిచేసిన రియర్ అడ్మిరల్ మోర్గాన్ మోర్గాన్-గైల్స్ నాయకత్వం వహించారు. 1971 అక్టోబరు 21న ఆ నౌకను ప్రజలకు తెరిచారు. మన దేశంలో ఆశ్విక దళ వారసత్వానికి సంబంధించి మహారాష్ట్రలోని అహల్యానగర్‌లో 1994లో ఏర్పాటైన కవచ వాహనాల మ్యూజియం పేర్కొనదగినది. పాత యుద్ధ ట్యాంకులను భద్రపరచిన ఈ మ్యూజియంను సైన్యానికి చెందిన సాయుధ శకట దళ శిక్షణ కేంద్రమే నెలకొల్పింది.

పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

కుర్సురా గురించి రాసే సందర్భంలో కొన్ని పొరపాట్లు దొర్లుతుంటాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3–4 తేదీల నడుమ రాత్రి విశాఖ తీరానికి చేరువలో మునిగిపోయింది. ఆ ఘటనతో కుర్సురాకు సంబంధం లేదు. కుర్సురా అప్పుడు పశ్చిమ తీరం వైపు ఉన్నది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ యుద్ధనౌక జారవిడిచిన జలవిస్ఫోటకాల వల్ల ఘాజీ మునిగినట్లు భారత నౌకాదళం పేర్కొన్నది. లోపలి పేలుడు లేదా మందుపాతర కారణమని పాకిస్తాన్ వాదన. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా బీచ్ రోడ్‌లో 1996లో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం నిర్మితమైంది. అదే విధంగా, కుర్సురా భారతదేశపు తొలి జలాంతర్గామి కాదు. ఆ స్థానం కల్వరిది.

డిసెంబరు మాసంలో మూడు తేదీలు ఈ అంశంపై ప్రత్యేక కథనాలకు అనువైనవి. 4వ తేదీ నౌకాదళ దినోత్సవం, 7వ తేదీ సాయుధ దళాల పతాక దినోత్సవం, 8వ తేదీ జలాంతర్గామి దినోత్సవం. జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవం జరుపుతారు. స్వతంత్ర భారత సైన్యానికి తొలి భారతీయ ప్రధాన సేనాధిపతి జనరల్ కె.ఎం. కరియప్ప 1953లో అదే తేదీన పదవీ విరమణ చేశారు.

లోతట్టు జిల్లాలు చేయగలిగినది

సైన్యం, నౌకాదళం, వైమానిక దళాలలో చేరేవారు తీరప్రాంతాలకే పరిమితం కారు. కదిరి, తనకల్లు, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం వంటి రాయలసీమ ప్రాంతాల నుండి సైతం యువకులు సాయుధ దళాలలో చేరతారు. పదవీ విరమణ అనంతరం సొంత ఊళ్ళకు చేరి వ్యవసాయం, వ్యాపారం, ఇతర ఉద్యోగాలలో స్థిరపడతారు. వారిలో ట్యాంకులు నడిపినవారు, సైనిక లారీలను మరమ్మతు చేసినవారు, నౌకల ఇంజన్ గదులలో పనిచేసినవారు ఉండవచ్చు. వారి అనుభవం ఇంటి ముంగిట ముచ్చట్లకే పరిమితమై, వారితోనే ముగిసిపోయే ప్రమాదం ఉన్నది.

1969లో కుర్సురా సేవలో చేరిన నాడు 20 ఏళ్ళ వయసున్న నావికునికి 2024 నాటికి 75 ఏళ్ళు నిండాయి. 1971 యుద్ధంలో పాల్గొన్న సైనికులందరిదీ దాదాపు ఇదే వయసు, లేదా అంతకంటే ఎక్కువ. కాబట్టి ఈ పనికి మిగిలి ఉన్న వ్యవధి స్వల్పం.

ఇందుకు పెద్ద ఎత్తున నిధులు అవసరం లేదు. మాజీ సైనికుల వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలలో ఉంటాయి. వారి అంగీకారం తీసుకుని, ఏ వాహనంపై లేదా ఏ నౌకలో ఏ విధులు నిర్వహించారో వారి మాటలలోనే ధ్వనిముద్రణ చేయవచ్చు. యుద్ధం గురించి మాత్రమే అడగడం సరిపోదు. రోజువారీ పని, వాడిన పనిముట్లు, తరచుగా వచ్చే లోపాలు, వాటిని సరిచేసిన పద్ధతి, వాడుకలో ఉన్న పేర్లు అడిగి రాసుకున్నప్పుడే ఆ సమాచారం మ్యూజియంలకు ఉపకరిస్తుంది. సైనిక రహస్యాలకు సంబంధించిన విషయాలను మినహాయించాలి. వారి వద్ద ఉన్న పాత ఫొటోలు, శిక్షణ పుస్తకాలు, విధుల డైరీల ప్రతులు తీసుకుని, మూలాలను వారికే తిరిగి అప్పగించడం మర్యాద.

విద్యాశాఖ అధికారులు విశాఖ విహారయాత్రలను ఏర్పాటు చేసే ముందు, స్థానికంగా నివసించే మాజీ సైనికుని పాఠశాలకు ఆహ్వానించి ఒక గంటసేపు మాట్లాడిస్తే విద్యార్థులకు ఎంతో మేలు జరుగుతుంది. ఆ విద్యార్థులు కుర్సురా లోపలికి వెళ్ళినప్పుడు ఏమి చూడాలో, ఏమి అడగాలో ముందుగానే తెలిసి ఉంటుంది.

పట్టణ కూడళ్ళలో, విద్యాసంస్థల ఆవరణలలో విరమణ పొందిన ట్యాంకులను, విమానాలను ప్రదర్శనకు ఉంచే సంప్రదాయం దేశంలో ఉన్నది. అటువంటి చోట్ల వాహనం పేరు, తయారైన సంవత్సరం, సేవా వివరాలు, అందులో పనిచేసిన వారి విధులు తెలిపే తెలుగు పలకను ఏర్పాటు చేయడం కనీస బాధ్యత. పలక లేని వాహనం కొద్ది సంవత్సరాలలో పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనుప ముద్దగా మారుతుంది. రంగులు వేయడం, నీరు నిలవకుండా చూడడం, ఏటా ఒకసారి తనిఖీ చేయించడం వంటి పనులలో ఆ ప్రాంత మాజీ సైనికులను భాగస్వాములను చేస్తే నిర్వహణ సులభమవుతుంది. వారికి సముచిత గౌరవమూ దక్కుతుంది.

కుర్సురా సేవాకాలం 31 సంవత్సరాలు. మ్యూజియంగా దాని జీవితం ఇప్పటికే రెండు దశాబ్దాలు దాటింది. ఉక్కుకు రంగులు వేసేవారు ఎప్పటికీ దొరుకుతారు. ఆ నౌకలో సముద్రగర్భానికి వెళ్ళి వచ్చినవారు మాత్రం ఎప్పటికీ దొరకరు. వారు చెప్పగలిగిన నాడే విని రాసుకోవడం వారికి మనం అర్పించగల సముచితమైన నివాళి.